తోబుట్టువుల పిలుపు - పుట్టినతేదీ చిక్కు

అన్నదమ్ముల బంధమునకు కాగితపు సాక్ష్యము కావలసివచ్చునని మన పెద్దలు తలచి యుండరు. ఊరంతయు ఎరిగిన సంబంధమును ఎవరు ప్రశ్నింతురు? కాని సముద్రముల కవతలి ప్రభుత్వమునకు మన ఊరు తెలియదు, మన ఇంటిపేరు తెలియదు. దానికి తెలిసినది కాగిత మొక్కటే. ఆ కాగితములలో పుట్టినతేదీ ఒకచోట ఒకరీతిని, మరియొకచోట మరియొకరీతిని ఉండుటవలన, ఏండ్ల తరబడి నిరీక్షించిన కుటుంబములు గుమ్మమువద్ద నిలిచిపోవుచున్నవి. నరసరావుపేట, గురజాల, మాచెర్ల ప్రాంతముల నుండి బిడ్డలను విదేశములకు పంపిన గృహస్థులు ఈ విషయమును ముందుగానే ఆలోచింపవలసి యున్నది.

అమెరికా పౌరసత్వము పొంది, 21 సంవత్సరములు నిండినవారు తమ తోబుట్టువులను శాశ్వత నివాసమునకై పిలిపించుకొనుటకు పిటీషను పెట్టుకొనవచ్చును. 1965 నాటి చట్టము జాతులవారీ కోటాలను తొలగించిన పిమ్మట ఈ మార్గము మనవారికి నిజముగా తెరువబడినది. అయితే ఈ తరగతికి ప్రపంచమంతటికిని ఏటా లభించు వీసాలు సుమారు 65,000. వచ్చువారి భార్యాబిడ్డలును ఆ లెక్కలోని వారే. దేశమొక్కింటికి నూటికి ఏడను పరిమితి వేరొకటి. కావుననే 2025 లో మనదేశమువారికి పిలుపు వచ్చినది 2006 లో దాఖలైన పిటీషనులకు! యౌవనమున పిటీషను పడినవానికి నడివయస్సున పిలుపు వచ్చును. అప్పుడు పిటీషనులో ఒక తేదీ, పాస్‌పోర్టులో ఒక తేదీ, బడి సర్టిఫికేటులో మరియొక తేదీ కనబడినచో అధికారి సందేహించుటలో వింత లేదు.

ఈ తేడాలు మోసమువలన పుట్టినవి కావు, చరిత్రవలన పుట్టినవి. మదరాసు రాజధానిలో జననమరణముల నమోదుకు 1899 లోనే చట్టము చేయబడినది. కాని శిస్తు లెక్కకున్న గౌరవము శిశువుల లెక్కకు లేకపోయెను. 1922 లో కన్నెగంటి హనుమంతు పుల్లరిని ప్రతిఘటించి ప్రాణము లర్పించిన సీమ యిది. అడవిలో మేయు పశువుల తలలు లెక్కించుటకు నాటి దొరతనమునకు ఓపిక యుండెను. ఇంట పుట్టిన బిడ్డను లెక్కించుటకు మాత్రము లేకపోయెను. స్వతంత్ర భారతమున 1969 లో చేయబడిన జనన మరణముల నమోదు చట్టము 1970 ఏప్రిలు 1 నుండి దేశములో చాలభాగమున అమలులోనికి వచ్చినను, ఇంటి కాన్పుల గ్రామములలో అలవాటు వెంటనే మారలేదు. 1984 లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినప్పుడు పాత దస్త్రములు చేతులు మారినవి.

మన యిండ్లలో జన్మదినమును నిలిపినది పంచాంగము. దానిని ఇంగ్లీషు తేదీగా మార్చుటలో రెండు పొరపాట్లు తరచుగా దొర్లును. మనకు దినము సూర్యోదయముతో మొదలగును. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రితో మొదలగును. శనివారము రాత్రి తెల్లవారుజామున పుట్టిన బిడ్డకు జాతకమున శనివారము, ఇంగ్లీషు లెక్కలో ఆదివారము. రెండవది సంవత్సర భేదము. క్రోధి నామ సంవత్సరము 1964 లో ప్రారంభమైనను, ఆ సంవత్సరపు మాఘమాసము 1965 లో వచ్చినది. క్రోధి యనగానే 1964 అని వ్రాసినవాడు ఒక యేడు తప్పినవాడే.

వీనికి తోడు బడి తేదీ. బిడ్డను చేర్చు దినమున తండ్రి తేదీ చెప్పలేకపోయిన, పంతులుగారు వయస్సు అంచనా కట్టి జూలై 1 అని వేసిరి. ఇంక అమెరికావారు నెలను ముందు, దినమును తరువాత వ్రాయుదురు. 1-7 అని మనము వ్రాసిన జూలై ఒకటి వారికి జనవరి ఏడు.

అన్ని తేడాలును సమానము కావు. ఒకదినము తేడాకు సమాధానము సులభము. అన్నకు ఫిబ్రవరి, తమ్మునికి అదే సంవత్సరము జూలై పడినచో ఒక తల్లికడుపున ఇరువురు ఐదునెలల యెడముతో ఎట్లు పుట్టిరను ప్రశ్న వచ్చును. అప్పుడు సందేహము తేదీని దాటి బంధుత్వమునే తాకును. బిడ్డల తేదీలయందు మరింత జాగ్రత్త కావలెను. 21 సంవత్సరములు దాటిన బిడ్డ తండ్రివెంట పోజాలడు. పిటీషను దాఖలైన నాటినుండి ఆమోదము పొందువరకు గడచిన కాలమును ఆ వయస్సునుండి తగ్గించుటకు 2002 నాటి చట్టము వీలు కల్పించినది. ఆ లెక్కలో కొలది దినములే కుటుంబమును కలుపును, లేదా విడదీయును.

ఈ భయముచేత కొందరు దళారులను ఆశ్రయించి, అన్నిటికి సరిపోవు క్రొత్త సర్టిఫికేటును పుట్టించుకొందురు. ఇంతకంటె చేటు లేదు. తెలిసి అబద్ధపు పత్రము చూపినవానికి అమెరికా చట్టము శాశ్వతమైన అనర్హత విధించును. లేని ముప్పును డబ్బిచ్చి కొనుట యిది. పుట్టిన ముప్పది యేండ్లకు నమోదైన సర్టిఫికేటు న్యాయమైనదే యైనను, దానినొక్కదానినే నమ్మరు. వలస అప్పీళ్ల బోర్డు 2017 లో రెహ్మాన్ వ్యవహారమున, ఆలస్యముగా నమోదైన పత్రమును తక్కిన సాక్ష్యములతో కలిపి తూచవలెనని చెప్పినది. అందు తూనిక కఠినమైనది కాదు: నిజము కాదను పక్షముకంటె నిజమను పక్షము బరువుగా నున్న చాలును.

కావున చేయవలసినది తేదీలను దిద్దుట కాదు. తేడా ఎందుకు వచ్చెనో చూపుట. ముందుగా ఇంటిలోని పత్రములలో మిక్కిలి పాతదానిని వెదకవలెను: బడి అడ్మిషను రిజిస్టరు నకలు, జాతకచక్రము, ఆస్తి దస్తావేజులు. జనన రిజిస్టరులో నమోదు లేనిచో లేదని అధికారివద్ద పత్రము పొందవలెను. పిటీషనులో పక్షము లేక, పుట్టుక నెరిగిన పెద్దలిరువురు, తమ కా సంగతి ఎట్లు తెలియునో వివరించుచు అఫిడవిట్టు లీయవలెను. నమోదులోనే తప్పున్నచో 1969 చట్టపు 15 వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారు దానిని సవరింపవచ్చును. పాత వ్రాతను చెరపక, అంచున సవరణ వ్రాసి సంతకము చేయుట అందలి పద్ధతి. పాస్‌పోర్టు తేదీ తప్పైనచో దానిని పిలుపుకు ముందే సరిచేసికొని, పిటీషను ఏ కార్యాలయమున నున్నదో అచటికి కారణముతో వ్రాయవలెను. కాగితములన్నియు విఫలమైనప్పుడు రక్తపరీక్ష వంటి డి.ఎన్.ఏ. పరీక్ష కలదు. తోబుట్టువుల నడుమ నేరుగా చేసిన పరీక్షలో ఆ బంధుత్వము నూటికి 99.5 పాళ్లు లేక అంతకు మించి నిశ్చయమని తేలినచో, అది బలమైన సాక్ష్యమని అదే బోర్డు 2016 లో రుజ్కు వ్యవహారమున నిర్ణయించినది.

ప్రభుత్వమునకును ఒక విధి కలదు. 2022 లో ఏర్పడిన పల్నాడు జిల్లాకు గుంటూరు జిల్లాలోని గ్రామముల చరిత్రయే వారసత్వము. ఆ పాత జనన రిజిస్టరులు చెదల పాలుగాక, ప్రజలకు చూపదగిన రీతిని భద్రపరుపబడవలెను. ఒక పుట చినిగిన, ఒక కుటుంబము నోట మాట పోయినట్లే.

గృహస్థులకు మనవి. పిలుపు వచ్చిననాడు కాదు, నేడే పెట్టె తెరచి కాగితములు సరిచూచుకొనుడు. పుట్టుకకు సాక్షులైన వృద్ధులు జీవించి యుండగనే వారి వాఙ్మూలములు వ్రాయించుకొనుడు. ఇరువది యేండ్లు నిలుచు పిటీషనుకు ఇరువది యేండ్లు నిలుచు సాక్షి దొరకడు.