పేరు కోసమా, పని కోసమా?

ఈ రోజుల్లో చిత్రకళ మాట వస్తే చాలు, బొమ్మ సంగతి తర్వాత, ముందు ధర అడుగుతున్నారు. 2005లో తయ్యబ్ మెహతా గారి "మహిషాసుర" న్యూయార్కు వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది. ఆ రోజుల్లో బొమ్మలను కంపెనీ వాటాల్లా కొన్నవారున్నారు. ఒక రకం బొమ్మ అమ్ముడైతే మళ్లీ అదే కావాలంటారు, గీసేవాడూ అదే గీస్తాడు. పేరు పెరుగుతుంది, చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోతుంది. 2008లో ప్రపంచమంతా డబ్బుకు కటకట వచ్చేసరికి ఆ ధరలు చాలావరకు పడిపోయాయి.

ఇంకో దారీ ఉందమ్మా. మన నాయుడుపేటకు పొరుగున ఉన్న చిత్తూరు సీమలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో చదువుకుని, పారిస్‌లో హేటర్ గారు నడిపే "అటెలియే 17" అనే అచ్చుబొమ్మల పనిశాలలో చేరారు. మామూలుగా రంగుల అచ్చు తీయాలంటే రంగుకో రేకు కావాలి. అక్కడ ఒకే లోహపు రేకును ఎత్తుపల్లాలుగా మలిచి, ఒక రంగును నూనె కలిపి పల్చగానూ, ఇంకొకదాన్ని చిక్కగానూ ఉంచారు. గట్టి రోలరు పల్చని రంగును ఎత్తుల మీద అద్దుతుంది. మెత్తని రోలరు చిక్కని రంగును పల్లాల్లోకి దింపుతుంది. నూనె రాసుకున్న చేతికి పనసజిగురు అంటదు చూడండి, అలాగే పల్చని రంగు మీద చిక్కనిది అంటదు. రంగులన్నీ ఒక్క అచ్చులోనే విడివిడిగా వచ్చేస్తాయి.

ఈ కిటుకును ఆయన దాచుకోలేదు. హేటర్, కైకో మోతీ, కృష్ణారెడ్డి అని ముగ్గురి పేర్లూ కలిపే చెబుతారు. తర్వాత న్యూయార్కులోనూ ఎందరికో నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో కన్నుమూశారు. అయినా మన ఇళ్లలో ఆయన పేరు ఎందరికి తెలుసు?

డబ్బు వద్దనడం లేదు. కడుపు మాడ్చుకుని ఎవరూ బొమ్మలు గీయలేరు. ఒకసారి అమ్మిన బొమ్మ మళ్లీ పదివేలు దాటి అమ్ముడైతే గీసినవారికీ వాటా ఉండాలని 1994లో మన చట్టమే చెప్పింది. అది న్యాయం. కానీ ధరే గురువైతే కళ అక్కడితో సరి.

ఒకింటి కొత్త ముగ్గు మర్నాటికి వీధంతా కనిపిస్తుంది. ఎవరూ దాని కింద సంతకం పెట్టరు. మన పిల్లలు బొమ్మ వేసుకొస్తే "ఎన్నో ప్రైజు?" అనకండి. "ఈ రంగు ఎలా తెచ్చావు? పక్కవాడికీ నేర్పావా?" అని అడగండి. ఆ ప్రశ్న అడగవలసింది మనమే.