రాయని పతకం, ఇవ్వని పతకం

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చే సైనికుడి చేతిలో డీడీ-214 అనే కాగితం పెడతారు. 1950 నుంచీ ఇదే పద్ధతి. ఎప్పుడు చేరాడు, ఎక్కడ పనిచేశాడు, ఏ హోదాలో బయటికొచ్చాడు, ఏయే పతకాలు వచ్చాయి, అన్నీ అందులో ఉండాలి. ఇంటి రుణానికీ దాన్నే అడుగుతారు, ఆసుపత్రి వైద్యానికీ దాన్నే అడుగుతారు, చివరికి శవపేటిక మీద జెండా కప్పడానికీ దాన్నే అడుగుతారు. అంతటి కాగితాన్ని టైపు చేసేది మాత్రం ఒక గుమాస్తా. యుద్ధం ముగిసి వేలమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టినప్పుడు ఆయన ముందు ఎంత పొడవు వరస ఉండేదో ఊహించుకోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడితే ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో తెలిసిన మనకు ఆ తర్వాతి కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలు కొందరు ఆ సైన్యంలో చేరుతున్నారు గనక ఈ కాగితం ఇప్పుడు కొన్ని తెలుగు ఇళ్ళలోకీ వస్తోంది. దాని చుట్టూ అల్లుకున్న అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే. పతకం ఇచ్చారుగానీ కాగితం మీద ఎక్కలేదు, ఇది ఒక సమస్య. పతకానికి అర్హుడే గానీ అసలు ఇవ్వనే లేదు, ఇది పూర్తిగా వేరే సమస్య. రెండింటికీ దారులు వేరు. ఈ తేడా తెలియక ఏళ్ళ తరబడి తప్పు తలుపు తట్టినవాళ్ళు ఉన్నారు.

అపోహ: కాగితంలో లేదంటే ఆ పతకం రాలేదనే అర్థం.

గుమాస్తా పొరపాటు ఒక్కటే కారణమైతే ఇంత చర్చ అక్కర్లేదు. కొన్ని పతకాలు సైనికుడు ఇల్లు చేరాక పుట్టాయి. కొరియా యుద్ధంలో పోరాడిన విదేశీ సైనికులకు దక్షిణ కొరియా ప్రభుత్వం 1951లోనే ఒక పతకం ఇస్తామంది. తమ సైనికులు దాన్ని ధరించవచ్చని అమెరికా ఒప్పుకున్నది 1999లో. 1953లో డిశ్చార్జి అయిన మనిషి కాగితంలో అది ఎలా ఉంటుంది? వియత్నాం సంగతీ అలాంటిదే. దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ పురస్కారం, అక్కడ పనిచేసిన అమెరికా ఆర్మీ దళాలన్నిటికీ వర్తిస్తుందని 1974లో ఒక జనరల్ ఆర్డరు వచ్చింది. అప్పటికే అక్కడ పనిచేసినవాళ్ళలో చాలామంది యూనిఫాం విప్పేసి ఏళ్ళయింది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది బ్రాంజ్ స్టార్ పతకం సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో, పోరాడిన పదాతి సైనికులకిచ్చే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి గానీ, యుద్ధరంగ వైద్య సిబ్బందికిచ్చే బ్యాడ్జి గానీ పొందిన ప్రతి సైనికుడూ బ్రాంజ్ స్టార్‌కు అర్హుడేనని 1947లో నిర్ణయించారు. అయితే అది దానంతటదే ఇంటికి రాదు, అడగాలి. అలాంటి నిర్ణయం ఒకటి జరిగిందనే తెలియకుండా పొలాల్లో, ఫ్యాక్టరీల్లో బతుకు వెళ్ళదీసి పోయినవాళ్ళు ఉన్నారు. తాతగారి డిశ్చార్జి కాగితంలో ఆ బ్యాడ్జి కనిపించి బ్రాంజ్ స్టార్ కనిపించకపోతే, మనవలు ఆశ పెట్టుకోవడానికి గట్టి ఆధారమే ఉన్నట్టు.

అపోహ: ఫైళ్ళన్నీ 1973లో కాలిపోయాయి. ఇక దారి లేదు.

ఇందులో సగం నిజం. 1973 జూలై 12న, మిస్సోరీలోని సెయింట్ లూయిస్ దగ్గర, సైనికుల వ్యక్తిగత ఫైళ్ళు దాచే కేంద్రంలో ఆరో అంతస్తు అంటుకుంది. ఆర్పడానికి రోజులు పట్టింది. కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్ళు పోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, కనీసం ఏమేం ఉన్నాయో చెప్పే సూచిక కూడా లేదు. అంత పెద్ద దేశం అంత విలువైన కాగితాలను ఒకే ఒక్క ప్రతితో దాచుకుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, జరిగింది అదే.

పోయినవి ఏ శాఖవో, ఏ కాలానివో మాత్రం తెలుసు. 1912 నవంబరు నుంచి 1960 జనవరి ఒకటి దాకా ఆర్మీ వదిలినవారి ఫైళ్ళలో సుమారు 80 శాతం. 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి ఒకటి దాకా వైమానిక దళం వదిలినవారిలో, ఇంటిపేరు అక్షరక్రమంలో హబ్బర్డ్ తర్వాత వచ్చేవారి ఫైళ్ళలో సుమారు 75 శాతం. నేవీ, మెరైన్ ఫైళ్ళకు ఏమీ కాలేదు. కాబట్టి నేవీలో చేసిన పెద్దాయనతో ఎవరైనా 'మీ ఫైలు కాలిపోయింది' అంటే, ఇంకోసారి వెతకమని గట్టిగా అడగొచ్చు. కాలిపోకుండా నీళ్ళలో నానిన లక్షల ఫైళ్ళను, అంతరిక్ష పరిశోధనకు వాడే శూన్య గదుల్లో ఆరబెట్టి కాపాడుకున్నారు కూడా.

కాలిపోయిన ఫైలును చాలావరకు మళ్ళీ అల్లుకోవచ్చు. చివరి జీతం వోచర్లు వేరేచోట ఉన్నాయి. యూనిట్లలో ఏ రోజుకారోజు ఎవరు గాయపడ్డారో, ఎవరు బదిలీ అయ్యారో రాసిన మార్నింగ్ రిపోర్టులు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు ఆసుపత్రి చేరికల వివరాలు కొన్ని ఉన్నాయి. మరో చోటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళలో అనేకులు తమ డిశ్చార్జి కాగితాన్ని సొంత కౌంటీ కోర్టు ఆఫీసులో రిజిస్టరు చేయించుకున్నారు. సెయింట్ లూయిస్‌లో బూడిదైన కాగితం, ఆ ఊరి కోర్టు పుస్తకంలో భద్రంగా ఉండొచ్చు.

అపోహ: వీఏ ఆఫీసుకెళ్తే వాళ్ళే సరిచేస్తారు.

మాజీ సైనికుల సంక్షేమం చూసే వీఏ, సర్వీసు రికార్డును దిద్దదు. పాత ఫైళ్ళను భద్రపరిచేది నేషనల్ ఆర్కైవ్స్. పతకం మీద మాట చెల్లేది ఆయా సైనిక శాఖది. ఎస్ఎఫ్-180 ఫారంతో అడిగితే ఫైలు చూసి, ఉత్తర్వు కనిపిస్తే, రాయకుండా వదిలేసిన పతకాన్ని చేర్పిస్తారు. మాజీ సైనికుడు అడిగితే డబ్బు కట్టక్కర్లేదు. ఫీజు పుచ్చుకుని ఇదే పని చేసిపెడతామనే ఏజెంట్లు అక్కడా ఉన్నారు. అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాలు ఉచితంగా సాయం చేస్తుంటే ఏజెంట్ల దగ్గరికి పోవడం ఎందుకో నాకర్థం కాదు.

అపోహ: మూడేళ్ళు దాటితే గడువు అయిపోయినట్టే.

ఆ మూడేళ్ళ గడువు రికార్డుల సవరణ బోర్డుకు డీడీ-149 ఫారం మీద పెట్టే దరఖాస్తుకు సంబంధించినది. అది కూడా తప్పు జరిగిన రోజు నుంచి కాదు, తప్పు తెలిసిన రోజు నుంచి లెక్క. న్యాయం కోసం అవసరమనిపిస్తే బోర్డు ఆ గడువును పక్కన పెట్టొచ్చని చట్టంలోనే ఉంది. అయితే బోర్డు మొదటి మెట్టు కాదు. కింది ఆఫీసులో అడిగి, కాదనిపించుకున్నాకే అక్కడికి వెళ్ళాలి. అందులో కూర్చునేది పౌర అధికారులు. వాళ్ళు తమంతట తాము దర్యాప్తు చేయరు. రికార్డు సరిగ్గానే ఉందన్న నమ్మకంతో మొదలుపెడతారు, కాదని రుజువు చేయాల్సిన భారం అడిగినవారిదే. పెట్టెలో దొరికిన పతకాన్ని చూపిస్తే సరిపోదు, పతకాలు దుకాణాల్లోనూ కొనుక్కోవచ్చు. ఉత్తర్వు నంబరు, ఆసుపత్రి కాగితం, తోటి సైనికుల ప్రమాణ పత్రాలు, ఆనాటి ఉత్తరాలు, ఇవి బరువైన సాక్ష్యాలు.

అపోహ: సాహసం చేశాడని అందరికీ తెలుసు, కాబట్టి రికార్డు దిద్దితే పతకం వచ్చేస్తుంది.

మొదట్లో చెప్పిన తేడా ఇక్కడే బయటపడుతుంది. శౌర్య పతకానికి ఆ రోజుల్లో ఎవరూ సిఫారసే చేయకపోతే దిద్దడానికి రికార్డులో ఏమీ ఉండదు. కొత్తగా సిఫారసు తయారు కావాలి. కాలం మించిన సిఫారసును పరిశీలించమని అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు ఒకరు సైన్యాన్ని కోరడానికి చట్టంలో 1130 అనే సెక్షన్ ఉంది. ఆ సభ్యుడు పతకం ఇప్పించలేడు, ఫైలును బల్ల మీదికి తెప్పించగలడు, అంతే.

ఈ దారి ఎంత పొడవో హెన్రీ జాన్సన్ కథ చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో రైల్వే స్టేషన్ పోర్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, నల్లజాతి సైనికుల 369వ దళంతో ఫ్రాన్స్ వెళ్ళాడు. 1918 మే నెలలో ఒక రాత్రి జర్మన్ల దాడిలో తూటాలు అయిపోతే తుపాకీ మడమతో, కత్తితో పోరాడి, గాయపడ్డ సహచరుణ్ణి వాళ్ళ చేతికి చిక్కకుండా కాపాడాడు. ఫ్రాన్స్ తన శౌర్య పతకం ఇచ్చింది. సొంత దేశం ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఆయన ఒంటి మీది గాయాల ఊసే లేదు. 1929లో చనిపోయాడు. యుద్ధంలో గాయపడ్డవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకం 1996లో వచ్చింది, అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ 2015లో. ఇది ఒక్క మనిషి గొడవ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడిచినంత కాలం ఒక్క నల్లజాతి సైనికుడికీ మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చేనాటికి వారిలో బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కరే. ఇలాంటివాటిని గుమాస్తా పొరపాటు అనలేం.

అపోహ: మనిషే పోయాక ఇంకెవరు అడుగుతారు?

మళ్ళీ పెళ్ళి చేసుకోని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కూతురు, తోబుట్టువులు మరణ ధ్రువీకరణ జతచేసి ఫైలు నకలు అడగొచ్చు. మనవలు ఈ జాబితాలో లేరు. కాకపోతే సైన్యం వదిలి 62 ఏళ్ళు నిండిన ఫైళ్ళు అందరికీ తెరిచి ఉంటాయి, రుసుము కట్టి ఎవరైనా నకలు తెప్పించుకోవచ్చు.

అపోహ: ఇదంతా గోడకు తగిలించుకునే అలంకారం కోసమే.

పతకం వస్తే నెలనెలా డబ్బొస్తుందనుకోవడం ఎంత తప్పో, దానితో ఏ ఉపయోగమూ లేదనుకోవడమూ అంతే తప్పు. పర్పుల్ హార్ట్ ఉన్నవారికి వీఏ వైద్యంలో మెరుగైన ప్రాధాన్యం దక్కుతుంది. యుద్ధరంగంలో ఉన్నానని, అక్కడి భయం ఇంకా వెంటాడుతోందని చెప్పే మనిషికి, కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి గానీ పర్పుల్ హార్ట్ గానీ కాగితం మీద ఉంటే, తాను పోరులో ఉన్నట్టు విడిగా రుజువు చేసుకోవాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

అపోహ: దిద్దాక కొత్త డీడీ-214 ఇస్తారు.

సాధారణంగా ఇవ్వరు. పాత కాగితం అలాగే ఉంటుంది, చేర్పును డీడీ-215 అనే వేరే కాగితం మీద రాసిస్తారు. రెండూ కలిపి చూపిస్తేనే పని జరుగుతుంది. కాబట్టి ఎక్కడ నకలు అడిగినా రెండూ జతచేసి ఇవ్వాలి, వీఏ ఫైల్లోకీ ఒక ప్రతి పంపాలి, పాతది కౌంటీ కోర్టులో రిజిస్టరు చేయించి ఉంటే కొత్తది కూడా అక్కడ నమోదు చేయించాలి.