వేగమునకు హద్దు గీసినదెవరు?

మబ్బు నుండి రాలిన చినుకు నేలను చేరుటకు చాల దూరము ప్రయాణించవలెను. మబ్బు రెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. నడుమ గాలియే లేకున్నచో, భూమ్యాకర్షణ వలన క్షణక్షణము వేగము పుంజుకొనుచు, ఆ చినుకు సెకనుకు సుమారు 200 మీటర్ల వేగముతో, అనగా గంటకు 700 కిలోమీటర్లకు పైబడిన వేగముతో నేలను తాకును. అప్పుడు వాన వరము కాదు. దాని దెబ్బకు ఆకు నిలువదు, పైరు నిలువదు, గొడుగు క్రింది మనిషియు నిలువడు.

కాని అట్లు జరుగుట లేదు. ఎంత పెద్ద చినుకైనను సెకనుకు సుమారు 9 మీటర్లకు మించి పోజాలదు. సన్నని తుంపర వేగము అందులో నాలుగవ వంతైనను ఉండదు. దీనికి కారణము గాలి. చినుకు వేగము పెరిగినకొలది దానికెదురగు గాలి నిరోధము కూడ పెరుగును. ఆ నిరోధము చినుకు బరువుతో సరితూగినంతనే వేగము పెరుగుట ఆగిపోవును. ఇచట ఆజ్ఞాపించువాడు లేడు, శిక్షించువాడును లేడు. రెండు బలములు సరితూగిన చోట హద్దు తనంత తానే ఏర్పడినది.

ప్రకృతిలో ఇంతకన్న కఠినమైన హద్దు మరియొకటి కలదు. అది వెలుగు వేగము. వెలుగు ప్రయాణమునకు కూడ కాలము పట్టునని 1676లో డెన్మార్కు దేశీయుడగు ఓలే రోమర్ గ్రహించెను. గురుగ్రహము చుట్టు తిరుగు అయో అను ఉపగ్రహమునకు పట్టు గ్రహణములు, భూమి గురునికి దూరమగునపుడు ఆలస్యముగను, చేరువగునపుడు ముందుగను కనబడుటయే అతని ఆధారము. శూన్యములో వెలుగు సెకనుకు 29,97,92,458 మీటర్లు పోవును. 1983 నుండి మీటరు నిర్వచనమే ఈ సంఖ్యపై నిలిచి ఉన్నది. ద్రవ్యరాశి గల వస్తువేదియు ఈ వేగమును అందుకొనజాలదని 1905లో ఐన్‌స్టైన్ వెలువరించిన సిద్ధాంతము చెప్పుచున్నది. జెనీవా సమీపమున సెర్న్ సంస్థ వారి మహాయంత్రములో ప్రోటానులను తరిమి తరిమి, వెలుగు కన్న సెకనుకు సుమారు 3 మీటర్లు మాత్రమే వెనుకబడునంత వేగమునకు తెచ్చిరి. ఆపైన ఎంత శక్తి వెచ్చించినను ఆ కొరత తరుగునే కాని తీరదు.

వెలుగు హద్దు మన నిత్యవ్యవహారములకు అడ్డురాదు. అడ్డువచ్చునది మూడవ హద్దు. అది మనిషి దేహములోనే ఉన్నది. నరముల వెంట సంకేతము కన్ను మూసి తెరచునంతలో పోవునని, దానిని కొలుచుట అసాధ్యమని పూర్వము పలువురు తలచిరి. 1850లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరముపై ప్రయోగము చేసి, ఆ వేగము సెకనుకు సుమారు 27 మీటర్లు మాత్రమేనని చూపెను. మనిషి నరములలో మిక్కిలి చురుకైనవి సైతము సెకనుకు సుమారు 120 మీటర్లకు మించవు. కావున కన్ను చూచుటకు, మెదడు తెలిసికొనుటకు, కాలు కదలుటకు కొంత కాలము పట్టక తప్పదు.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొని, చెప్పకుండ విడిచిపెట్టవలెను. దాని క్రింది కొన వద్ద వ్రేళ్ళు ఉంచిన మరియొకడు వెంటనే పట్టుకొనవలెను. స్కేలు 20 సెంటీమీటర్లు జారిన పిదప చేతికి చిక్కినచో, అతనికి పట్టిన కాలము సెకనులో ఐదవ వంతు. సిద్ధముగా ఎదురుచూచు బాలునికే ఇంత కాలము పట్టగా, ఏదో ఆలోచనలో ఉన్న డ్రైవరు బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టుట వింత కాదు.

ఇక రోడ్డుపై గీసిన హద్దులు మనుష్యులవి. 1865లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము యంత్రశకటములు పల్లెదారులలో గంటకు 4 మైళ్ళు, పట్టణములలో 2 మైళ్ళు మించరాదు. బండికి ముందు ఒక మనిషి కాలినడకన సాగవలెను. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అను నతడు గంటకు 8 మైళ్ళ వేగముతో కారు నడపినందుకు ఒక షిల్లింగు జరిమానా చెల్లించవలసివచ్చెను. ఆ సంవత్సరమే చట్టము సడలి, హద్దు పెరిగినది. మన దేశములో వేగ పరిమితులకు 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 112వ సెక్షను ఆధారము. మనిషి వ్రాసిన సంఖ్య కనుక మనిషి దానిని మార్చవచ్చును, మీరవచ్చును కూడ. "పది కిలోమీటర్లు ఎక్కువైనచో మునిగిపోవునదేమి?" అను ప్రశ్న పుట్టునది ఇచటనే. ఈ ప్రశ్నకు సమాధానము చట్టములో లేదు, గణితములో ఉన్నది.

పొడి రోడ్డుపై రెండు కార్లు ప్రక్కప్రక్కన పోవుచున్నవి. ఒకదాని వేగము గంటకు 50 కిలోమీటర్లు, రెండవదానిది 60. ఎదుట 28 మీటర్ల దూరమున ఒక బాలుడు బంతి వెంట రోడ్డుపైకి పరుగెత్తెను. ఇద్దరు డ్రైవర్లును ఒకే క్షణమున చూచిరి, ఒక సెకనులో బ్రేకు త్రొక్కిరి. బ్రేకు వలన వేగము ప్రతి సెకనుకును సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుననుకొందము. మొదటి కారు ఆ సెకనులో సుమారు 14 మీటర్లు సాగి, బ్రేకు పడిన పిదప మరి 14 మీటర్లు జారి, బాలుని ముందర ఆగును. రెండవ కారు ఆ సెకనులోనే దాదాపు 17 మీటర్లు పోయినది. మిగిలినది 11 మీటర్లు. బాలుని చేరునప్పటికి దాని వేగము ఇంకను గంటకు 40 కిలోమీటర్లు. ఆ తాకిడి ఆరు మీటర్ల ఎత్తు నుండి, అనగా రెండంతస్తుల మేడపై నుండి నేలపై పడుటతో సమానము.

పది కిలోమీటర్ల భేదము నలువది కిలోమీటర్ల దెబ్బగా మారుటకు కారణమేమి? బ్రేకు దూరము వేగముతో సమముగా పెరుగదు, వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైనచో ఆ దూరము నాలుగు రెట్లగును. మరి ఆ పది కిలోమీటర్ల వలన కలిగిన లాభమెంత? ఐదు కిలోమీటర్ల దారిలో సరిగా ఒక్క నిమిషము.

ఈ లెక్కను శాసనకర్తలును గుర్తించుచున్నారు. దేహము సహింపగల దెబ్బను బట్టియే రోడ్లను, వేగములను నిర్ణయింపవలెనను విధానమును 1997లో స్వీడను పార్లమెంటు ఆమోదించెను. పాదచారులును వాహనములును కలసి సంచరించు చోట్ల గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సభ ప్రకటించెను.

చినుకు వేగము హద్దు మీరకుండ గాలి కాచుచున్నది. మోటారుకు ఆ గాలి చాలదు. ఇంజను దానిని చీల్చుకొని పోగలదు. గాలి చేయజాలని ఆ పనిని బడి వద్ద నాటిన చిన్న బోర్డుకు అప్పగించితిమి. దానిపైని అంకె మనిషి వ్రాసినదే. దానిని మీరినవానికి పోలీసు కనబడకపోవచ్చును, జరిమానా పడకపోవచ్చును. కాని వర్గపు లెక్క మాత్రము ఆ బోర్డు ప్రక్కన ఎల్లప్పుడును కాచుకొని ఉండును.