వీథిచెట్టునకు రక్ష

చెట్లు నీడ నిచ్చుననియు, గాలిని శుభ్రపఱచుననియు మనము చిన్న తరగతులనుండి చదువుచునే యున్నాము. ఆ మేలులను మరల వల్లించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. వీథిలోని చెట్టును నఱకుటకు ఎవరి యనుమతి కావలెను? దాని మొదటిచుట్టు సిమెంటు పోసినచో, బోదెకు మేకులు కొట్టినచో అడుగుటకు ఎవరికి హక్కు కలదు? నఱికిన చెట్టునకు బదులు మరియొకటి నాటవలసిన వారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానములు చట్టములో నున్నవి. అవి గ్రహించుటకు కష్టమైనవి కావు. షోలాపురమునందు నివసించు మనకు వర్తించు నియమములను, వాని కారణములను ఇచ్చట వివరించెదము.

పాత ధర్మము, నేటి చట్టము

బాటల వెంట చెట్లు నాటించుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ధర్మము. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అశోక చక్రవర్తి, మనుష్యులకును పశువులకును ఉపయోగపడుటకై దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు తన రెండవ శిలాశాసనమున చెప్పుకొనెను. ఆ శాసనముల ప్రతి యొకటి తెలుగుదేశమున, కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో, బండలమీద నేటికిని కానవచ్చుచున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. నాటినుండి ప్రతి సంవత్సరము జూలై మొదటివారమున దేశమంతట మొక్కలు నాటుచున్నారు.

అయితే నాటుట ఒక దినపు పని. కాపాడుట అనేక సంవత్సరముల పని. ఇంటి పెరటిలోని చెట్టునకు ఇంటివారు దిక్కు. వీథిలోని చెట్టు అందరిదియు గనుక, తుదకు ఎవరిదియు కాకుండ పోవు ప్రమాదము కలదు. దాని పక్షమున మాటలాడుటకు ఒక కట్టుబాటు అవసరము. ఆ కట్టుబాటునే మహారాష్ట్ర శాసనసభ 1975లో పట్టణప్రాంతముల చెట్ల సంరక్షణచట్టముగా ఏర్పఱచినది. మరుసటి సంవత్సరము, అనగా 1976లో, రాజ్యాంగమునకు జరిగిన 42వ సవరణ ప్రకృతి పరిసరములను కాపాడుటను ప్రతి పౌరుని ప్రాథమిక విధులలో చేర్చినది.

1975 చట్టము ప్రకారము ప్రతి పట్టణమునందు ఒక వృక్ష ప్రాధికరణము ఉండవలెను. నగరపాలక సంస్థ యున్న చోట దానికి మునిసిపల్ కమిషనరు అధ్యక్షుడు. పట్టణములోని చెట్లను రక్షించుట, మొక్కల పెంపకమునకు నర్సరీలు నడుపుట, ఏ పేటలో ఎన్ని చెట్లు, ఏ జాతులవి ఉండవలెనో నిర్ణయించుట, అయిదేండ్ల కొకసారి చెట్లను లెక్కించుట దాని విధులు. మనుష్యులకు జనాభా లెక్క యున్నట్లే చెట్లకును లెక్క యున్నదన్నమాట. లెక్కలో నున్న చెట్టు మాయమైనచో జవాబు చెప్పవలసినవారు ఉందురు. లెక్కలో లేనిది పోయినచో పోయినట్లే తెలియదు.

అనుమతి లేనిదే గొడ్డలి ఎత్తరాదు

పట్టణ పరిమితిలో ఏ చెట్టునైనను నఱకదలచినవారు ముందుగా వృక్షాధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. చెట్టు తమ సొంత స్థలములో నున్నను ఈ నియమము తప్పదు. దరఖాస్తులో చెట్టు వివరము, అది యున్న స్థలముయొక్క పటము, నఱకుటకు గల కారణము తెలుపవలెను. అధికారి స్వయముగా వచ్చి చెట్టును చూచి విచారణ జరుపవలెను. అంతేకాక ప్రజలకు తెలియునట్లు స్థానిక పత్రికలలో ప్రకటన చేయవలెను. ఆ చెట్టుమీదనే అందరికి కనబడు చోట నోటీసు అంటింపవలెను. అనుమతి నిచ్చిన తరువాత కూడ పదునైదు దినములు గడచువరకు చెట్టును నఱకరాదు.

ఈ గడువు ఎందుకు? గొడ్డలిదెబ్బ పడిన పిదప అభ్యంతరము చెప్పి ప్రయోజనము లేదు. కూలిన గోడను తిరిగి కట్టవచ్చును. కూలిన చెట్టును తిరిగి నిలబెట్టలేము. కావుననే చట్టము చెట్టునకును గొడ్డలికిని నడుమ కొన్ని దినములు ఉంచినది. ఆ దినములలో అభ్యంతరములు చెప్పు అవకాశము ప్రజలకు కలదు.

అట్లని ఈ చట్టము మంచిచెడ్డలు చూడనిది కాదు. ఎండిపోయిన చెట్టును, తెగులుపట్టిన చెట్టును, గాలికి కూలిన చెట్టును తొలగించుటకు అనుమతి నిరాకరింపరాదు. ప్రాణములకు, ఆస్తికి ప్రమాదము కలిగించుచున్నను, రాకపోకలకు అడ్డమైనను, అగ్నిచేతనో పిడుగుచేతనో చెడిపోయినను అంతే. పుచ్చిన కొమ్మ పాఠశాలకు పోవు పిల్లలపై విఱిగిపడుట ఎవరును కోరరు. కాని ప్రమాదకరమో కాదో నిర్ణయించుట చూచి, విచారించి చేయవలసిన పని. చాటుగా చేయదగినది కాదు.

నోటీసును చదువవలసినవారు

ఇచ్చట మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి యున్నది. చెట్టుపై నంటించు నోటీసు మరాఠీలో నుండును. మగ్గముల పనికై తరముల క్రిందట ఇచ్చటికి వచ్చి స్థిరపడిన కుటుంబములలో, మరాఠీ చక్కగా మాటలాడియు చదువజాలని పెద్దలు కొందఱు కలరు. వారు దినము నాలుగుసార్లు ఆ వేపచెట్టు క్రింద నడచినను, దానిపై నున్న కాగితము వారికి ఒక తెల్లకాగితమే.

ఆ నోటీసులో సాధారణముగా కనబడు మాటలను తెలిసికొందము. పైన ‘జాహీర్ నోటీస్’ అని యుండును. అనగా బహిరంగ ప్రకటన. ‘ఝాడ్’ అనగా చెట్టు. ‘పరవానగీ’ అనగా అనుమతి. ‘హరకతీ’ అనగా అభ్యంతరములు. ‘వృక్షతోడ’ అను మాట యొకటి వచ్చును. తెలుగు వ్యాకరణము చదివిన మనకు తోడ యనగానే తృతీయావిభక్తి జ్ఞప్తికి వచ్చి, ‘వృక్షముతో కూడ’ అని తోచును. మరాఠీలో దాని యర్థము అందుకు నేరుగా విరుద్ధము: చెట్టు నఱకుట! ఒక్క అక్షరమైనను మారకుండ, ఒక భాషలో తోడుండు మాట మరియొక భాషలో తెగగొట్టు మాట యైనది.

మన పాఠశాలలో తెలుగుతోపాటు మరాఠీయు నేర్చుకొనుచున్నాము. కావున నోటీసు కనబడినచో నిలిచి చదువుట, ఇంట తాతగారికి, నాయనమ్మకు, పొరుగువారికి దాని సారాంశము తెలుగులో చెప్పుట మనము చేయగల పని. అభ్యంతరము ఉన్నచో పెద్దలచేత వ్రాయింపవచ్చును. అందు చెట్టు జాతి, అది యున్న చోటు, నోటీసు తేదీ, అభ్యంతరమునకు కారణము, వ్రాసినవారి పేరు, చిరునామా స్పష్టముగా నుండవలెను. కార్యాలయమున ఇచ్చి తేదీతో కూడిన ‘పోచ్’, అనగా ముట్టినట్లు రసీదు, తప్పక తీసికొనవలెను. కోపముతో వ్రాసిన నాలుగు పుటలకంటె కారణముతో వ్రాసిన నాలుగు పంక్తులు మేలు.

ఒకటికి బదులు ఎన్ని?

అనుమతితో చెట్టును నఱికినవారు ముప్పది దినములలో అదే స్థలమునందో, తగిన వేరొక స్థలమునందో మరియొక చెట్టును నాటవలెనని 1975 చట్టము విధించినది. 2021లో ఈ చట్టమును సవరించి, ఏబదియేండ్లును అంతకు మించియు వయస్సు గల చెట్లను వారసత్వ వృక్షములుగా గుర్తించిరి. చెట్టును తొలగింపవలసివచ్చినచో దాని వయస్సు ఎన్ని యేండ్లో అన్ని మొక్కలు నాటవలెనను నియమమును చేర్చిరి. అనగా అరువదియేండ్ల చింతచెట్టునకు అరువది మొక్కలు.

లెక్కకు ఇది న్యాయముగనే యున్నది. అయినను అరువది మొక్కలు కలిసి నేడు ఒక బండిని నిలుపుకొనునంత నీడనైన నీయజాలవు. అవి బ్రతికినగదా రేపు నీడ నిచ్చుట! తెలంగాణములో 2018 పంచాయతీరాజ్ చట్టము ఈ సంగతిని గుర్తించి, గ్రామములో నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకునట్లు చూచు బాధ్యతను గ్రామపంచాయతీపై నుంచినది. నాటిన సంఖ్య కాదు, నిలిచిన సంఖ్య ముఖ్యమని దాని భావము.

మొక్క నిలుచుటకు చేయవలసినది స్వల్పమే. తొలకరి వానలు పడిన పిదప రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గల గుంత త్రవ్వి, మంటిలో పశువుల ఎరువు కలుపవలెను. మొక్కను ప్లాస్టిక్ సంచి తీసివేసియే నాటవలెను. సంచితో నాటినచో వేళ్లు అందులోనే చుట్టుకొని పోవును. ఊతకఱ్ఱను వదులుగా కట్టవలెను. మేకలు తినకుండ కంచె వేయవలెను. మనవంటి మెట్టప్రాంతములో మొదటి రెండు మూడు వేసవులు నీరు పోయుట తప్పదు. వేప, కానుగ, చింత ఇచ్చటి ఎండకు ఓర్చును. రావిని, మర్రిని గోడల దగ్గఱ నాటరాదు. వాని వేళ్లు గోడలను చీల్చును. విద్యుత్తు తీగల క్రింద ఎత్తుగా పెరుగు జాతులను నాటినచో, ఏటేట కొమ్మలు నఱికించుటయే యగును.

గొడ్డలి లేని నఱకుట

చట్టములోని ఒక నిర్వచనమును అందఱు గమనింపవలెను. చెట్టును ‘నఱకుట’ యనగా కోయుట మాత్రమే కాదు; కాల్చుటయు, ఏవిధముగనైన చెట్టునకు హాని చేయుటయు అందులో చేరును. ఇది మిక్కిలి వివేకముతో చేసిన నిర్వచనము. ఏలయన పట్టణములో చెట్లు గొడ్డలిచేతనే కాక, నిశ్శబ్దముగ కూడ చచ్చుచున్నవి.

ఆకులు తయారుచేసిన ఆహారము బెరడు లోపలి పొరగుండ వేళ్లకు దిగును. బోదెచుట్టు తీగ బిగించినచో, బోదె లావగుకొలది ఆ తీగ బెరడును కోసి ఆహారమార్గమును మూసివేయును. మొక్కను కాపాడుటకు పెట్టిన ఇనుపచట్రమునే సకాలమున తీయనిచో అదియే ఉరి యగును. ప్రకటనల పలకలకై కొట్టిన మేకుల గాయములనుండి పుచ్చు లోనికి ప్రవేశించును. మొదటివరకు సిమెంటు పోసినచో వేళ్లకు నీరును గాలియు అందవు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము, ఢిల్లీ చెట్లచుట్టు ఒక మీటరు మేర సిమెంటు తొలగింపవలెననియు, వానిపై నున్న మేకులు, పలకలు, తీగలు తీసివేయవలెననియు ఆదేశించినది. చెత్తను చెట్టు మొదట కుప్పవేసి కాల్చుటయు ఇట్టి హానియే.

కావున ఈ నియమములు అధికారులకు మాత్రమే కాదు. అంగడి పలక వ్రేలాడదీయువారికి, బట్టలు ఆరవేయుటకు తీగ కట్టువారికి, మనకును వర్తించును.

మన ఇంటినుండి పాఠశాలకు వచ్చు దారిలో ఎన్ని చెట్లున్నవో మనలో ఎందఱికి తెలియును? ప్రతి విద్యార్థియు తన దారిలోని చెట్ల పేర్లు, అవి యున్న చోట్లు, వాని స్థితి ఒక పుస్తకమున వ్రాసికొనవచ్చును. బోదె చుట్టుకొలతకు ఒక దారము, ఒక కొలబద్ద చాలును. దీనికి ఒక ఆదివారము మించి పట్టదు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన యెండలో నడచువాడే ఆ దారిలోని ప్రతి నీడను ఎఱుగును. అట్టివాడు చేసిన లెక్కలో పొరపాట్లు తక్కువగా నుండును. వచ్చు సంవత్సరము అదే పుస్తకము తెఱచి చూచినచో, ఏది పెరిగినదో, ఏది ఎండినదో, ఏది లేదో తెలియును. లేనిచోట బదులు మొక్క నాటిరా యని అడుగు హక్కును చట్టము ఇదివఱకే మనకు ఇచ్చియున్నది.