ధ్రువశిలలును గోండ్వానా శబ్దమును

1912 జనవరి 17వ తేదిని దక్షిణధ్రువముఁ జేరి మరలివచ్చుచు స్కాట్ దొరయు నతని నలుగురు సహచరులును దారిలోనే మృతినొందిరి. నవంబరులో వారి గుడారము కనఁబడినప్పుడు చెంత 35 పౌనుల ఱాళ్లుండెను. ఆఁకలిచేఁ గాళ్లాడకున్నను వారు వానిని విడువరైరి. బియర్డ్‌మోర్ హిమానీనదముకడ ఫిబ్రవరిలో నేఱిన యాశిలలలో గ్లాసాప్టెరిస్ పత్రముద్రలు గలవని 1914లో వృక్షశాస్త్రజ్ఞుఁడగు సీవర్డు నిరూపించెను. గ్రీకున గ్లాస్సా యనఁగా నాలుక. ఆకు నాలుకవలె నుండుటచే నాపేరు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలోనేకాక మన గోదావరీలోయ బొగ్గుపొరలలోను నీముద్రలు గానవచ్చుచున్నవి. నేఁడు మంచుచేఁ గప్పఁబడిన యాభూమి యొకప్పుడు వనమయమని దీనిచేఁ దేలినది. భారతాఫ్రికాదుల ప్రాచీనైకఖండమునకు 1885లో సూయెస్ యుంచిన గోండ్వానాలాండ్ నామము గోండులవనమునుండి పుట్టినది. వనశబ్దముండఁగా మరల లాండనుట పునరుక్తియే. కాని రూఢికి వ్యాకరణ మడ్డుపడదు. అంటార్కిటికాయు నాఖండభాగమే యనుటకుఁ బిమ్మట నీఱాళ్లు సాక్ష్యములైనవి.