గట్టి టోపీ, మెత్తటి మెదడు

అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్ పుట్టిల్లు అనాపొలిస్‌లోని ఒక చెప్పుల దుకాణం. 1893లో నౌకాదళ అకాడమీ విద్యార్థి జోసెఫ్ మేసన్ రీవ్స్‌కు డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు: తలమీద ఇంకో తన్ను పడితే పిచ్చయినా ఎక్కుతుంది, ప్రాణమైనా పోతుంది అని. ఎదురుగా చూస్తే సైనిక అకాడమీతో పోటీ. ఆ వయసులో ఎవరు మానుకుంటారు? రీవ్స్ మోల్‌స్కిన్ అనే మందపాటి నూలుగుడ్డతో, చెవులు కూడా కప్పేలా టోపీ కుట్టించుకుని బరిలో దిగాడు. తర్వాత్తర్వాత ఆయన అడ్మిరల్ అయ్యాడు, అమెరికా నౌకాదళాన్నే నడిపించాడు. కాబట్టి ఆ టోపీ పనిచేసిందనే అనుకోవాలి.

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది వేరు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు, ఎదుటి జట్టు వాణ్ణి ఒడిసిపట్టి నేలకు పడగొడుతుంది. దాన్నే టాకిల్ అంటారు. బంతి కదిలిన ప్రతిసారీ రెండు వరుసల లైన్‌మన్‌లు పొట్టేళ్ళ పందెంలోలా ఢీకొంటారు. ఇప్పటి లైన్‌మన్ ఒక్కొక్కడూ 140 కిలోల మనిషి.

1905 ఒక్క ఏడాదిలోనే ఈ ఆటలో 18, 19 మంది చనిపోయారని ఆనాటి పత్రికలు లెక్క తేల్చాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించి, ఆటను దారిలో పెట్టమన్నాడు. మరుసటి ఏడాది నిబంధనలు మారాయి. బంతిని ముందుకు విసరవచ్చన్నారు. దాంతో ఒకేచోట గుంపుగా పడి కుమ్ముకోవడం తగ్గి ఆట మైదానమంతా పరుచుకుంది. అప్పట్లో తలకు ఏం పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, అది ఆటగాడి ఇష్టం. హెల్మెట్ తప్పనిసరి అయింది కాలేజీల్లో 1939లో, వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1943లో.

అప్పటిదాకా ఉన్నవి తోలు టోపీలు. చెవి చిరగకుండా, నెత్తి గీరుకుపోకుండా కాచేవి, అంతే. 1939లో షికాగోకు చెందిన జాన్ రిడెల్ ప్లాస్టిక్ చిప్ప తెచ్చాడు. ఈయన అంతకుముందు స్కూలు కోచ్, బూటుకు మార్చి మార్చి బిగించుకునే మేకులు కనిపెట్టినవాడు. చిప్ప కంటే గొప్ప సంగతి దాని లోపలుంది. తలను చిప్పకు ఆననివ్వకుండా పట్టీలతో అల్లిన జాలీ అది. నులక మంచం మీద పడుకున్న మనిషి నేలకు తగలనట్టే ఆ అల్లికలో తల చిప్పకు తగలకుండా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికుల ఉక్కు హెల్మెట్ కింద పెట్టిన పట్టీల అల్లిక ఈ పద్ధతిలోంచి వచ్చిందే. ప్లాస్టిక్‌కు మాత్రం తొలిరోజులు కలిసిరాలేదు. చిప్ప పగిలి ముక్కలయ్యేది. 1948లో ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని నిషేధించి, మరుసటి ఏడాదే మళ్ళీ ఒప్పుకుంది.

అదే 1948లో లాస్ ఏంజిలిస్ రామ్స్ (అంటే పొట్టేళ్ళు) జట్టు ఆటగాడు ఫ్రెడ్ గెర్కీ, చిత్రకళ చదువుకున్నవాడు, వేసవిలో కూర్చుని తన జట్టు తోలు హెల్మెట్ల మీద పొట్టేలు కొమ్ములు గీశాడు. మొత్తం 75. ఒక్కోదానికి కూలి ఒక డాలరు. హెల్మెట్ మీద బొమ్మ వెయ్యడం అక్కడితో మొదలైంది. భద్రత కథలో ఇదెందుకంటారా? చివర్లో పనికొస్తుంది.

ముఖం కాచుకునే సంగతి 1953లో వచ్చింది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో బంతి విసిరే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) ఆటో గ్రాహమ్ నోటికి దెబ్బ తగిలి లోపల కుట్లు పడ్డాయి. కోచ్ పాల్ బ్రౌన్ ఆయన హెల్మెట్‌కు ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ బిగించి మళ్ళీ ఆటలోకి పంపాడు. ఆ పట్టీ కొన్నేళ్ళలోనే కమ్మీల ఫేస్‌మాస్క్ అయింది.

కథ ఇక్కడే అడ్డం తిరిగిందని నా అభిప్రాయం. నెత్తికి గట్టి చిప్ప, మొహానికి కమ్మీలు, ఇంకేం కావాలి? ముక్కు పగులుతుందన్న భయమే మనిషి తలను వెనక్కి లాగేది. ఆ భయం పోయాక తలే ఆయుధమైంది. తల దించి, నడినెత్తితో ఎదుటివాడి గుండెల్లో గుద్దడం నేర్పిన కోచ్‌లున్నారు. దానికి స్పియరింగ్ అని పేరు, అంటే బల్లెంపోటు. తల వంచితే మెడలోని సహజమైన వంపు పోయి వెన్నుపూసలు నిట్టనిలువు కడ్డీలా అవుతాయి. ముందు హెల్మెట్ ఆగిపోయింది, వెనక నుంచి ఒళ్ళంతా తోసుకొస్తోంది, ఆ రెండిటి మధ్య మెడ నలిగిపోతుంది. 1968లో అన్ని స్థాయుల ఆటల్లో కలిపి మైదానపు దెబ్బలకు 36 మంది చనిపోయారు.

ఆ చావుల భయంలోంచి 1969లో ఆటసామగ్రి ప్రమాణాల సంస్థ పుట్టింది, పేరు నాక్సీ. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తయారైన కృత్రిమ తలకు హెల్మెట్ తొడిగి, అయిదడుగుల ఎత్తునుంచి గట్టి రబ్బరు దిమ్మ మీదికి వదిలేస్తారు. తల ఎంత వేగంగా ఆగింది, ఎంతసేపట్లో ఆగింది, ఈ రెండిటినీ కలిపి ఒక అంకె కడతారు. అది హద్దు దాటితే హెల్మెట్ తప్పినట్టే. ఇప్పటి హద్దు 1200. 1973లో ఈ ప్రమాణం వచ్చింది. 1976లో తలతో ముందు గుద్దడాన్ని స్కూళ్ళు, కాలేజీలు నిషేధించాయి. జోసెఫ్ టోర్గ్ అనే ఎముకల డాక్టరు దేశమంతటి కేసులూ పోగుచేస్తూ వచ్చాడు. ఆయన లెక్కలో మెడ విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు 1976లో 34 మంది, మరుసటి ఏడాది 18 మంది. ఒక్క సీజన్‌లో అంత తేడా కొత్త చిప్పతో రాలేదు, రూలుబుక్కులో రాసిన వాక్యంతో వచ్చింది. 1990లో మైదానపు దెబ్బతో ఒక్క చావూ లేదు.

ఇక మెదడు సంగతి. నాక్సీ పరీక్ష అడిగింది ఒకే ప్రశ్న: పుర్రె పగులుతుందా? మెదడుకు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. సుమారు 1,400 గ్రాముల మెదడు జున్నుకంటే మెత్తన, చుట్టూ పలచని ద్రవం. బకెట్ నిండా నీళ్ళు పోసి చటుక్కున మెలి తిప్పండి. బకెట్ తిరుగుతుంది, నీళ్ళు వెనకబడతాయి. తల పక్కకు విసురుగా తిరిగినప్పుడు పుర్రె ముందు పోతుంది, మెదడు ఆలస్యంగా వెంటపడుతుంది, లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిపోవడం, ఎక్కువగా ఈ మెలిక వల్లేనని ఆక్స్‌ఫర్డ్‌లో హోల్బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు జెలటిన్ ముద్దలతో ప్రయోగాలు చేసి 1943లోనే రాశాడు. హెల్మెట్ పరీక్షలో ఆ మెలిక చేరడానికి ప్రమాణం పుట్టాక నాలుగు దశాబ్దాలు పైనే పట్టింది.

ఇంకో చిక్కుంది. మన బైకు హెల్మెట్లో ఉండేది థర్మోకోల్ జాతి నురుగు. ఒక్క ప్రమాదంలో నలిగి, దెబ్బ శక్తిని మింగి, ప్రాణం కాపాడి చస్తుంది. అందుకే పడ్డాక దాన్ని పారెయ్యమంటారు. ఫుట్‌బాల్ హెల్మెట్‌కు ఆ అదృష్టం లేదు. ఒక సీజన్‌లో లైన్‌మన్ తలకు వందల దెబ్బలు, ఒక్కోసారి వెయ్యి దాటి తగులుతాయి. ప్రతి దెబ్బకూ నలిగి మళ్ళీ లేచే నురుగు కావాలి. బలమైన దెబ్బకు సరిపోయే గట్టితనం చిన్న దెబ్బకు ఎక్కువవుతుంది, చిన్న దెబ్బకు సరిపోయే మెత్తదనం పెద్ద దెబ్బకు చాలదు.

ఆ చిన్న దెబ్బల ఖాతా తెరిచింది పిట్స్‌బర్గ్‌లో నైజీరియా సంతతి డాక్టరు బెనెట్ ఒమాలు. 2002లో ఆ ఊరి జట్టు స్టీలర్స్ మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 50 ఏళ్ళకే చనిపోయాడు. చివరి రోజుల్లో మతి చెదిరిపోయింది. శవపరీక్షలో మెదడు పైకి మామూలుగానే కనిపించింది. పలచటి పొరలుగా కోసి రంగువేసి చూస్తే టావ్ అనే ప్రోటీన్ ముద్దలు. 1928లోనే బాక్సర్లలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు వర్ణించిన జబ్బుకు దగ్గరిది. తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే ఈ మెదడు జబ్బును ఇప్పుడు సీటీఈ అంటున్నారు. 2005లో ఒమాలు వ్యాసం అచ్చయితే ఎన్‌ఎఫ్‌ఎల్ మెదడు గాయాల కమిటీ సభ్యులు దాన్ని ఉపసంహరించుకోమన్నారు. 2013లో మెదడు దెబ్బల మీద మాజీ ఆటగాళ్ళు వేసిన దావాను లీగ్ 76.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకోజూసింది. తర్వాత ఆ పరిమితీ తీసేశారు. 2017లో బోస్టన్‌లో ఆన్ మెకీ బృందం పరీక్షించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110లో సీటీఈ కనిపించింది. అవి అనుమానమున్న కుటుంబాలు దానం చేసినవి కనుక అందరికీ అదే శాతం అనకూడదు. అయినా చిన్న అంకె కాదు.

ఈ గొడవ మనవాళ్ళకు దూరమేం కాదు. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కో చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు బోలెడు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి స్కూలు ఫుట్‌బాల్ అంటే ఊరి తిరునాళ్ళే.

2011 నుంచి వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్ళు హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలిస్తున్నారు. పోటీ పెరిగింది, హెల్మెట్లు నిజంగానే బాగుపడ్డాయి. 2022లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రాక్టీసులో కొన్ని స్థానాల ఆటగాళ్ళకు గార్డియన్ క్యాప్ తప్పనిసరి చేసింది. గట్టి చిప్పకు పైన తొడిగే మెత్తటి గుడ్డ గవిసెన లాంటిది, లోపల దూది దిండ్లలా నురుగు గళ్ళు. అది వేసుకున్న స్థానాల్లో కంకషన్లు సగానికి తగ్గాయని లీగ్ చెప్పింది. 2024లో మ్యాచ్‌లలోనూ వేసుకోవచ్చన్నారు. వేసుకున్నవాళ్ళు కొద్దిమందే. చూడ్డానికి పుట్టగొడుగులా ఉంటుందని కొందరి బాధ. పైగా జట్టు బొమ్మ దానికింద దాగిపోతుంది. దానికీ ఉపాయం దొరికింది: మెత్తటి టోపీ మీద ఇంకో పలచని తొడుగు వేసి, దానిమీద జట్టు రంగూ బొమ్మా అచ్చేశారు. అలా రామ్స్ కొమ్ముల్లాంటి బొమ్మలు మళ్ళీ పైకొచ్చాయి.