కల్నో ఎక్కడ?

యెషయా గ్రంథం 10వ అధ్యాయంలో అష్షూరు రాజు తాను జయించిన పట్టణాలను గర్వంగా ఏకరువు పెడతాడు. కర్కెమీషు, హమాతు, అర్పాదు, దమస్కు, షోమ్రోను ఎక్కడివో పండితులకు చాలాకాలంగా తెలుసు. ఆ వరుసలో మొదటిదైన కల్నో మాత్రం వారికి అంత సులువుగా చిక్కలేదు. ఆమోసు గ్రంథంలోని కల్నే కూడా ఈ పట్టణమే. హీబ్రూ గ్రంథాల్లో దీని గురించి పేరును మించిన వివరం దాదాపు లేదు.

దారి చూపినవి అష్షూరు శాసనాలు. క్రీ.పూ. 738లో మూడవ తిగ్లత్పిలేసెరు ఉత్తర సిరియాలోని ఉన్కి రాజ్యంపై దండెత్తాడు. అక్కడి రాజు తుతమ్ము ప్రమాణం తప్పాడన్నది అతని అభియోగం. రాజధానిని పట్టుకుని, తుతమ్ము రాజభవనంలోనే తన సింహాసనం వేయించుకున్నాడు. ఆ దేశాన్ని సామ్రాజ్యంలో కలిపి పాలకుణ్ణి నియమించాడు. ఆ రాజధాని పేరు శాసనాల్లో కినలియా, కునలియా, కుల్లానియా అని రకరకాలుగా కనిపిస్తుంది. చివరి రూపానికీ కల్నోకూ పోలిక స్పష్టమే. కానీ పోలిక ఒక్కటే చాలదు. కాలం కుదరాలి, నేల కూడా సాక్ష్యం చెప్పాలి. కాలం చక్కగా కుదిరింది: అర్పాదు 740లో, దమస్కు 732లో, హమాతు 720లో, కర్కెమీషు 717లో అష్షూరు వశమయ్యాయి. 738 నాటి విజయం ఆ వరుసలో సహజంగా ఇమిడిపోతుంది.

ఇక నేల సాక్ష్యం. దక్షిణ టర్కీలో, ఒరొంటెస్ నది మలుపు తిరిగే అమూక్ మైదానంలో టెల్ తయినాత్ అనే పెద్ద దిబ్బ ఉంది. 1930లలో షికాగో విశ్వవిద్యాలయం వారు అక్కడ రాజభవనాలనూ ఒక ఆలయాన్నీ వెలికితీశారు. 2009లో తిమోతి హారిసన్ నాయకత్వంలోని టొరంటో విశ్వవిద్యాలయ బృందానికి మరో ఆలయపు గర్భగృహంలో మట్టిపలకలు దొరికాయి. వాటిలో ఒకటి అష్షూరు రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో రాయించిన ప్రమాణపత్రం. తన తరువాత తన కుమారుడు అషూర్బనిపాల్‌కు విధేయులుగా ఉంటామని ఆయన అధికారుల చేత ఒట్టు వేయించాడు. 650కి పైగా పంక్తులున్న ఈ పలకను జేకబ్ లావింగర్ చదివి 2012లో ప్రకటించారు. ఒట్టు వేసినవారిలో మొదటివాడు కునలియా పాలకుడు. అతని పేరు లేదు, పదవి మాత్రమే ఉంది.

ఇలాంటి పత్రాలు 1955లోనే నిమ్రూదులో బయటపడ్డాయి. అయితే అది సామ్రాజ్యపు పెద్ద నగరాల్లో ఒకటి. ఎక్కడెక్కడి సామంతుల ప్రమాణాలైనా అక్కడ ఉండవచ్చు. మారుమూల రాష్ట్రంలోని ఆలయంలో కునలియా పాలకుడి ప్రమాణమే ఉండటానికి, ఆ ఆలయం కునలియాలోనిదే కావడం కన్నా సహజమైన కారణం నాకు కనిపించదు.

ఒక చిక్కు మిగిలే ఉంది. ఆమోసు ప్రవచించింది 738కి ముందే. అందుకే కల్నేను చూసి రమ్మనే ఆ వచనం తరువాత చేర్చినదని కొందరు, అప్పటికింకా వర్ధిల్లుతున్న నగరాన్నే అది చూపుతోందని మరికొందరు వాదిస్తారు. ఏది నిజమైనా యెషయా జాబితాకు వచ్చిన లోటు లేదు.

ఆదికాండం 10వ అధ్యాయంలోనూ ఒక కల్నే ఉంది. అది షీనారు దేశంలో, అంటే బాబిలోనియాలో ఉందని ఆ గ్రంథమే చెబుతోంది. కాబట్టి ఆ కల్నేకు తయినాత్‌ను చూపడం తప్పు.